ఎడమ చెవీ, బ్రేకుల్లేని బండీ

ఇప్పుడు తల ఎటు తిప్పినా ఇల్లు ఉన్నచోటే ఉంటోంది కాబట్టి రాయడానికి కూర్చున్నాను. కొన్ని నెలల కిందట ఎవరైనా కళ్ళు తిరిగాయంటే, ఎండలో తిరిగాడు, మజ్జిగ తాగితే తగ్గిపోతుంది అనేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట ఎవరి నోట విన్నా ముందు వాళ్ళని పట్టుకుని కూర్చోబెడతాను. నాలాగే ఒక పొద్దున్న మంచం మీంచి లేవబోయి, లోకం గిరగిరా తిరుగుతుంటే ఇక పోతున్నాననుకున్నవాళ్ళు ఎక్కడైనా ఉంటే వాళ్ళకి చెప్పేది ఒకటే. నాకొచ్చిన జబ్బే అయితే చావరు. కానీ తొందరపడితే ఇంకెవరినైనా చంపగలరు. ఆ రెండో సంగతి నాకు బాగా ఆలస్యంగా తెలిసింది.

నా పేరు సింహాచలం. కోటబొమ్మాళిలో సంతకి వెళ్ళే దారిలో బైకులు బాగుచేసే షెడ్డు నాది. వరి పొలం కూడా ఉంది, దాని మంచిచెడ్డలు మా అమ్మా, నా భార్య గౌరీ చూసుకుంటారు. నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న పిచ్చి ఒక్కటే, బండి.

మా వైపు కోతలయ్యాక ఒక పోటీ జరుగుతుంది. మూడు చోట్ల మూడు పందేలు. మొదటిది గరివిడి అవతల బయల్లో, రెండోది మా ఊరి కోసిన మళ్ళలో, చివరిది భావనపాడు ఒడ్డున తడి ఇసకలో. మూడింటి పాయింట్లూ కలిపి ఎక్కువ ఎవరికొస్తే ఆ యేటి కప్పు వాళ్ళది. పై దేశాల్లో ఇలాంటిదాన్ని లాంగ్ ట్రాక్ అంటారని ఫోన్లో చూసి తెలుసుకున్నాం. ఆ వీడియోలు చూసే మా పాత బళ్ళని అలా మార్చుకున్నాం. కోడిగుడ్డు ఆకారంలో పెద్ద చుట్టు ఉంటుంది. ఎప్పుడూ ఎడమకే తిరగాలి. మలుపులో ఎడమకాలు నేలకి ఆనించి, వెనక చక్రాన్ని జారనిస్తూ పోవాలి. అందుకని ఎడమ బూటు కింద ఇనప రేకు బిగించుకుంటాం. బండికి బ్రేకులుండవు, పీకేస్తాం. ఎందుకు పీకేస్తార్రా అని మా అమ్మ ఏటా అడుగుతుంది. బ్రేకుంటే ఎవడో ఒకడు భయపడి నొక్కుతాడు, వెనకున్నవాడు వాడి మీదికెక్కుతాడు, ఎవరికీ లేకపోతే ఆ గొడవే లేదు అని చెబుతాను. ఈ జవాబు మా అమ్మకి ఇప్పటికీ నచ్చలేదు.

ఈ పోటీకి ఒక ఆచారం ఉంది. ఎవడి బండి వాడు చూసుకుని బాగుందనుకుంటే చెల్లదు. పందెం మొదలయ్యే గీత మీద మన పక్కన నిలబడేవాడు వచ్చి చూడాలి. గొలుసు లాగి, చక్రం తిప్పి, ఎక్సలేటరు వదిలితే వెనక్కి వస్తోందో లేదో చూసి, అన్నీ సరిగ్గా ఉంటే టాంకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వెయ్యాలి. ఆ దెబ్బలు పడని బండి గీత మీదికి రాకూడదు. మన ప్రాణం మన బండి చేతిలో ఎంతుందో పక్కవాడి బండి చేతిలో అంతకంటే ఎక్కువుంది కదా, అందుకని.

ఈ యేడు రెండు పందేలయ్యేసరికి నేను ముందున్నాను. నా వెనకే, కప్పు నాకైనా రావచ్చు వాడికైనా పోవచ్చు అన్నంత తేడాలో పైడిరాజు ఉన్నాడు. వాడు గౌరికి తమ్ముడు, గరివిడి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని. వాడికి బండి నేర్పింది నేనే.

"నేర్పినోడి నెత్తి మీదే ఎక్కుతావేట్రా?" అనేవాణ్ణి.

"నేర్పినోడు ముసలోడైపోతన్నాడు మరి, నానేటి సెయ్యను బావా" అనేవాడు.

జనవరి

మా ఊరి పందెం అయ్యాక జలుబు చేసింది. జలుబుకి మంచమెక్కితే షెడ్డు ఎవరు తెరుస్తారని పట్టించుకోలేదు. అది తగ్గిందనుకున్నాక ఒక పొద్దున్న మంచం మీద ఎడమపక్కకి ఒత్తిగిల్లాను. ఇల్లు తిరిగింది. దూలం ఒకవైపుకి పరిగెత్తి, మళ్ళీ మొదటికొచ్చి, మళ్ళీ పరిగెత్తింది. కళ్ళు మూసుకుంటే చీకటే తిరిగింది. మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుని గౌరిని కేకేశాను. తను వచ్చేసరికే డోకులు మొదలయ్యాయి.

"ఏటైనాది? మావా, ఏటైనాది సెప్పు!"

"పట్టుకో. పడిపోతన్నాను."

"మంచం మీదే ఉన్నావు కదా, ఎక్కడికి పడిపోతావు?"

పడుకున్నవాడు పడిపోతానని భయపడడం ఎలా ఉంటుందో నేను ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. బ్రేకుల్లేని బండి మీద ఇన్నేళ్ళలో రాని భయం ఆ పొద్దున్న తలగడ మీద వచ్చింది. గౌరి చీర కొంగు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

తర్వాత ఊళ్ళో ప్రతివాడూ డాక్టరయ్యాడు. ఒకాయన పైత్యమన్నాడు, ఒకామె రక్తం తక్కువన్నది, మా పక్కింటాయన గ్యాసు తలకెక్కిందని తేల్చేశాడు. ఊళ్ళో సూది వేసే ఆయన వచ్చి డోకులు ఆగడానికి ఒక సూది వేసి, పక్షవాతమేమో, ఎందుకైనా మంచిది శ్రీకాకుళం తీసుకుపొమ్మన్నాడు. ఆ మాటతో మా అమ్మ గుమ్మంలోనే కూలబడింది.

శ్రీకాకుళం దారిలో ఆటో ప్రతి గోతిలో దిగినప్పుడల్లా పేగులు నోట్లోకి వచ్చేవి. ఆసుపత్రిలో చీటీ తీసుకుని కూర్చున్నాం. కూర్చున్నాం అంటే గౌరి కూర్చుంది, నేను తన ఒళ్ళో తల పెట్టి బల్ల మీద ముడుచుకున్నాను. గోడమీది ఫ్యాను ఆగి ఉంది, అయినా నాకు అది తిరుగుతూనే కనబడింది. మళ్ళీ డోకు వస్తోందని గౌరి కంగారుగా అటూ ఇటూ చూస్తుంటే, పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ తన సంచిలోని అరటిపళ్ళన్నీ ఒళ్ళోకి ఒంపుకుని ఖాళీ సంచి అందించింది. "ఇంద అమ్మా, సిగ్గుపడకండి. రోగానికి సిగ్గేటి?" అంది. నా పని అయ్యేదాకా నా వీపు రాస్తూ కూర్చుంది. ఆవిడ ఎవరో, ఎవరి కోసం వచ్చిందో అడగలేదు. అడిగే ఓపిక లేదు. ఆ చెయ్యి మాత్రం నాకింకా వీపు మీద ఉన్నట్టే ఉంటుంది.

స్కానింగులూ అవీ అయ్యాక లోపలికి పిలిచారు. డాక్టరుగారు నా కళ్ళ ముందు వేలు ఆడించి, తల పట్టుకుని గబుక్కున అటూ ఇటూ తిప్పి చూశారు. నేను ఆవిడ బల్ల పట్టుకున్నాను.

"పక్షవాతం కాదు. మెదడులో ఏమీ లేదు" అన్నారు. "ఎడమ చెవి లోపల మనిషిని నిలకడగా నిలబెట్టే నరం ఉంటుంది. దానికి వాపు వచ్చింది. ఈ తిరుగుడు కొన్ని రోజుల్లో తగ్గుతుంది. నరం మాత్రం పూర్తిగా కోలుకుంటుందో లేదో చెప్పలేను. కోలుకోకపోయినా మెదడు సర్దుకోవడం నేర్చుకుంటుంది. దానికి నెలలు పట్టొచ్చు."

"మార్చి ఆఖర్లో నాకు పందెం ఉన్నాదండి. బండి పందెం" అన్నాను.

ఆవిడ నా వైపు కాదు, గౌరి వైపు చూశారు. "ముందు గోడ పట్టుకోకుండా బాత్రూముకి వెళ్ళనివ్వండమ్మా" అన్నారు.

ఫిబ్రవరి

తిరుగుడు తగ్గింది. దాని బదులు మిగిలింది ఇంకా చిరాకు. నేల మెత్తగా, పడవ అడుగులా ఉండేది. నడిస్తే ఎడమకి తూలేవాణ్ణి. సంతలో నన్ను చూసినవాళ్ళు పొద్దున్నే తాగేశాడనుకున్నారు. తాగి తూలినా ఆ సుఖమైనా దక్కేది. షెడ్డుకి తాళం పడింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు నన్ను చూసి మంచిగానే ఉన్నావే అనేవాళ్ళు. కట్టు లేదు, రక్తం లేదు, జ్వరం లేదు. ఈ జబ్బులో ఉన్న బాధే అది, కనబడదు.

కనబడని రోగానికి మా అమ్మ కనబడే కారణం వెతికింది. "కప్పు సేతికందేటప్పుడే ఎందుకొచ్చినాది? ఎవులికి లాభం?" అని ఒకరోజు వంటింట్లో అంది. ఇంకోరోజు పేరే చెప్పేసింది. "ఆ పైడిరాజు కన్ను పడ్డాది నా కొడుకు మీద."

గౌరి చేతిలో గిన్నె కింద పెట్టేసింది. "అత్తా, నా తమ్ముడు కన్నెట్టినాడని నువ్వంతే ఈ ఇంట్లో నానెవులి పక్కన కూకోవాల? ఆ మాట ఇంకోసారంతే నాను గరివిడి ఎలిపోతాను. నీ కొడుకుని నువ్వే పట్టుకుని నడిపించు."

అమ్మ మళ్ళీ అనలేదు. కానీ ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోకుండా, ఇద్దరూ నాతో మాత్రమే మాట్లాడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మంచి చెవి కూడా పోతుందనిపించింది.

పైడిరాజు సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవాడు. తల పైకెత్తితే తూలిపోతానని నేను గెడ్డం గీసుకోవడం మానేస్తే, వాడే పెరట్లో కుర్చీ వేసి, నా తల తన పొట్టకి ఆనించుకుని గీసేవాడు. మా అమ్మ గుమ్మంలో నిలబడి ఆ బ్లేడు వైపే చూస్తుండేది.

"ఏటత్తా, నీకూ గీసెయ్యాలేటి?" అన్నాడొకసారి.

అమ్మకి నవ్వొచ్చింది. నవ్వానని తెలియకూడదని లోపలికి వెళ్ళిపోయింది. వాడి చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. పందెం సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఈ లోగా శ్రీకాకుళంలోనే ఒక ఫిజియో అమ్మాయి దగ్గరికి పంపారు. వేలు మీద చూపు పెట్టి తల తిప్పడం, మెత్త మీద నిలబడడం, రోజూ పొద్దునా సాయంత్రం పెరట్లో గుండ్రంగా నడవడం, ఇవి చెయ్యమంది. తిరగడమంటే నాకంటే బాగా ఎవరు తిరుగుతారు? కళ్ళం చుట్టూ తిరిగాను, చేటంత పెరట్లో తిరిగాను, ఇంటి చుట్టూ తిరిగాను. చాలా పట్టుదలగా చేశాను. ఫిబ్రవరి చివరికి నాకే తెలిసేటట్టు నడక కుదిరింది. బాగైపోయాననుకుని ఠీవిగా ఆ అమ్మాయి ముందుకెళ్ళి నిలబడ్డాను.

"తిరిగి చూపించండి" అంది.

చూపించాను. ఆ అమ్మాయి మెచ్చుకుంది. "ఇప్పుడు కుడికి" అంది.

కుడికి తిరిగాను. రెండడుగులు వేశానో లేదో గోడకి ఆనించిన మంచం మీద వెల్లకిలా పడ్డాను.

"ఇన్నాళ్ళూ ఎటు తిరిగారండీ?"

"ఎడమకేనండి. మా పందెంలో అటే కదండి తిరగాల."

ఆ అమ్మాయి మొహంలో రంగులు మారాయి. నవ్వు ఆపుకోలేక గుమ్మం బయటికి పోయి నవ్వి వచ్చింది. గౌరి మాత్రం ఆపుకోలేదు. "ఈ మనిషికి కుడి లేదండి. సంతకెల్లినా ఎడమ సందుల్లోంచే ఎల్తాడు" అంది. జబ్బు వచ్చాక మేమిద్దరం కలిసి నవ్వింది అదే మొదటిసారి. పడ్డవాణ్ణి నేనే అయినా నాకూ నవ్వొచ్చింది. కానీ ఇంటికొచ్చే బస్సులో నవ్వు పోయింది. నెలకి పైగా సగమే నేర్చుకున్నాను. ఇప్పుడు మిగతా సగం మొదట్నుంచీ.

వ్యాయామాలు చెప్పినవాళ్ళు రెండువైపులా అంటే రెండువైపులా చెయ్యండి. మనకి అలవాటున్న వైపే చేస్తే, చేస్తున్నామన్న తృప్తి మిగులుతుంది, అంతే.

మార్చి

కుడివైపు నెమ్మదిగా వచ్చింది. మధ్యలో రెండు మూడు రోజులు పూర్తిగా వెనక్కిపోయి, మళ్ళీ మొదటికొచ్చిందేమోనని హడలిపోయాను. అలాంటి రోజులు వస్తాయని ముందే ఎవరైనా చెప్పి ఉంటే అంత భయపడేవాణ్ణి కాదు, అందుకని చెబుతున్నాను. షెడ్డు తెరిచాను. బండి మీద నెమ్మదిగా సంత దాకా వెళ్ళొచ్చాను.

డాక్టరుగారిని పందెం గురించి మళ్ళీ అడిగాను. ఈసారి విసుక్కోలేదు. "రోడ్డు మీద జాగ్రత్తగా నడుపుకోండి. పందెం మాత్రం ఈ యేడు వద్దంటాను. మీరు వింటారో లేదో నాకు తెలీదు. మీ పక్కన పరిగెత్తేవాళ్ళు ఒప్పుకుంటారా?" అన్నారు.

అదేం ప్రశ్న అనుకున్నాను. నా జబ్బుకి పక్కవాడి ఒప్పుకోలు ఏమిటి?

రెండుసార్లు ఒక్కణ్ణే భావనపాడు వెళ్ళి, పోటు దిగాక గట్టిపడ్డ ఇసక మీద బండి తిప్పాను. ఎడమకి బాగానే వచ్చింది. వేగంలో కుడి భుజం మీంచి వెనక్కి చూస్తే మాత్రం లోకం ఒక్క రవ్వ ఆలస్యంగా వచ్చేది. తల తిరిగి ఆగేది, చూపు తర్వాత ఆగేది. అయినా పందెంలో కుడికి తిరగక్కర్లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కప్పు మీద ఆశ అలాంటిది. ఇన్నేళ్ళుగా మూడో చోటా నాలుగో చోటా వచ్చినవాణ్ణి, మొదటిసారి ముందున్నాను, పైగా వయసు పైబడుతోంది. మళ్ళీ యేడు ఎవరు చూడొచ్చారు?

గౌరి వద్దనలేదు. "ఒద్దంతే తమ్ముడి కోసం ఒద్దన్నానంటారు. ఎల్లమంతే నీ పేణం. నన్నడక్కు మావా" అంది. పందెం నాడు నాతో వచ్చింది, అంతే.

ఒడ్డు నిండా జనం. ఆరు బళ్ళు. పాయింట్లలో ముందున్నవాడికి గీత మీద లోపలి చోటు, అంటే ఎడమ చివర, అది నాది. నా పక్క చోటు పైడిరాజుది. కాబట్టి నా బండి చూడాల్సింది వాడే.

వాడొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గొలుసు లాగాడు. చక్రం తిప్పాడు. ఎక్సలేటరు తిప్పి వదిలాడు. లేచి, చెయ్యి టాంకు మీదికి తెచ్చి ఆపేశాడు.

"ఏట్రా, బండిలో ఏటైనా ఉన్నాదా?"

"బండికేటి బావా, బంగారంలాగున్నాది."

"మరి కొట్టవేటి?"

వాడు చుట్టూ జనాన్ని చూశాడు. గొంతు తగ్గించి, "ఒక్కసారి కుడేపు నుంచి ఎనక్కి సూడు బావా. బేగి సూడు" అన్నాడు.

చూశాను. గబుక్కున తల తిప్పగానే సముద్రం ఆ ఒక్క రవ్వ ఆలస్యంగా వచ్చింది. నా కాలు ఇసకలో కాస్త పక్కకి జరిగింది. నేను సర్దుకున్నాను. కానీ వాడి కళ్ళు నా కాలి మీదే ఉన్నాయి.

"కొట్టేస్తాను బావా" అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు కొట్టమంతే కొట్టేస్తాను. నా నోటితో మాత్రం ఒద్దని సెప్పలేను."

అప్పటిదాకా నా చెవి, నా తల, నా కప్పు అనుకుంటూ వచ్చాను. వాడి పరిస్థితి ముందు నుయ్యి వెనక గొయ్యి. వద్దంటే బావని ఆపి కప్పు కొట్టేశాడని ఊళ్ళన్నీ అంటాయి, మా అమ్మైతే పోయేదాకా అంటుంది. కొడితే చెయ్యి చాపితే అందేంత దూరంలో, బ్రేకుల్లేకుండా, నా పక్కన ఆ మలుపులోకి వెళ్ళాలి. వాడు ఆ రెండోదానికే సిద్ధపడ్డాడు. నా గెడ్డం గీసిన ఆ చెయ్యి నా మాట కోసం టాంకు మీద ఆగి ఉంది. డాక్టరుగారు అడిగిందేమిటో అప్పుడర్థమైంది. వాడి మీద ప్రేమ, నా మీద నాకే సిగ్గు, పోతున్న కప్పు మీద దుఃఖం, అన్నీ ఒక్కసారే వచ్చాయి.

"ఒద్దురా. చెయ్యి తియ్యి" అన్నాను.

ఇసకలో కూర్చుని ఎడమ బూటు విప్పేశాను. జెండా పట్టుకున్న పెద్దాయన దగ్గరికి వట్టి కాలితో వెళ్ళి అందరికీ వినబడేటట్టు చెప్పాను. "నాకింకా తల కుదర్లేదండి. నానే మానుకుంటన్నాను. నన్నెవులూ ఆపలేదు."

తప్పుకున్నవాడి చోటు మా పోటీలో ఎవరికీ ఇవ్వరు. లోపలి చోటు ఖాళీగా వదిలేసి ఐదు బళ్ళూ నిలబడ్డాయి. నేను వెళ్ళి జనాన్ని ఆపడానికి కట్టిన తాడు ఇవతల గౌరి పక్కన నిలబడ్డాను. తను నా వట్టి కాలు చూసింది. చెయ్యి పట్టుకుంది.

జెండా పడింది. తిన్నటి దారిలో పైడిరాజు అవతలి బండివాడు వాణ్ణి దాటి, ముందుకెళ్ళి లోపలివైపుకి దూసుకొచ్చాడు. మొదటి మలుపులో అతని వెనక చక్రం మెత్తటి ఇసకలో దిగింది. బండి ఎగిరి అడ్డంగా పడింది, సరిగ్గా పైడిరాజు ముందు. వాడికి బ్రేకు లేదు. కుడివైపు మిగతా ముగ్గురూ ఒక గుంపుగా ఉన్నారు. ఎడమవైపు ఖాళీ. వాడు బండిని ఎడమకి పడుకోబెట్టి, ఒక మనిషి పట్టేంత ఆ ఖాళీలోంచి దూరి అవతలికి వెళ్ళిపోయాడు.

పడ్డతనికి భుజం ఎముక విరిగింది, ఇప్పుడు బాగానే ఉన్నాడు. పందెం మళ్ళీ పెడితే పైడిరాజే గెలిచాడు, కప్పు గరివిడిలో ఉంది. ఆ సాయంత్రం మా అమ్మ ఉప్పూ మిరపకాయలూ పట్టుకొచ్చి దిష్టి తీసింది, నాకు కాదు, పైడిరాజుకి. తర్వాత గౌరిని పిలిచి ముందు నువ్వు తినమ్మా అంది. నాకు ఇప్పటికీ అలసిపోయిన రోజుల్లో నేల కొంచెం మెత్తబడుతుంది. గోడ పట్టుకుని కాసేపు ఆగుతాను, పోతుంది.

అవన్నీ తర్వాతి మాటలు. ఆ మలుపులో ఇసక ఇంకా గాల్లో ఉండగానే గౌరి నా చెయ్యి గోళ్ళు దిగేటట్టు పట్టుకుంది.

"మావా, ఆడెల్లింది నీ జాగాలోంచే కదా" అంది.

అవునన్నాను. ఇద్దరం అక్కడే ఇసకలో కూలబడి ఏడ్చాం.